సర్వీసు తీగ సంరక్షణ

విద్యుత్తును గురించి భాషాధ్యాపకుడు వ్రాయుటేమిటని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. కారణము కలదు. కొన్నేళ్ల క్రిందట నేను అద్దెకున్న ఇంట, వాన కురిసిన ఒక సాయంత్రము వసారా రేకు తాకగానే చేయి జివ్వుమన్నది. వెంటనే మెయిన్ కట్టివేసితిమి. ఇంటి దీపములన్నియు ఆరిపోయినవి; రేకు మాత్రము షాకు కొట్టుట మానలేదు. లైన్‌మన్ వచ్చి స్తంభము వద్ద సరఫరా ఆపిన తరువాతనే ప్రమాదము తొలగినది. చూడగా, సర్వీసు తీగ ఏళ్ల తరబడి రేకు అంచునకు ఒరుసుకొని, దాని తొడుగు తెగియున్నది.

స్తంభము నుండి మీటరు వరకు వచ్చునదే సర్వీసు తీగ. మన ఫ్యూజులు, మెయిన్ స్విచ్, నేడు వాడుకలోనున్న ఆర్.సి.సి.బి. సైతము మీటరు దాటిన తరువాతనే ఉండును. కనుక వెనుకనున్న తీగకు గాయమైనచో అవి ఏమియు చేయజాలవు. స్తంభము మీది ఫ్యూజు భారీ ప్రవాహమునకే కరగును. మనిషి ప్రాణము తీయుటకు అందులో లేశమైనను చాలును. ఆ తీగకు దెబ్బ తగులకుండ చూచుట తప్ప మన చేతిలో వేరు రక్షణ లేదు.

పైనుండి వచ్చు సర్వీసు తీగ బరువును జి.ఐ. తీగ మోయును. దానిపై బట్టలారవేయు అలవాటు వసతిగృహములలో కద్దు. తొడుగు చిరిగిన చోట విద్యుత్తు ఆ ఇనుప తీగకు ప్రాకును. తడి లుంగీ విసరినవాని గతి చెప్పనక్కరలేదు. తెలుగున లతను, లోహపు తంతిని కూడ తీగయే అందుము. మన ప్రాంగణములలో మొదటిది రెండవదానిపై అల్లుకొనుట చూచుచునే యున్నాము! కొమ్మలు కొట్టించుటకు ముందు సరఫరా తప్పక ఆపించవలెను.

నేలలోని కేబులు సంగతి వేరు. ఐ.ఎస్. 1255 ప్రమాణము ననుసరించి 1.1 కిలోవోల్టుల లోపు కేబులును కనీసము 75 సెంటీమీటర్ల లోతున వేయవలెను. క్రింద, పైన ఇసుక పోసి, ఆపై ఇటుకలు పరతురు. ఆ ఇటుక కేబులునకు కవచమనుటకన్న, గడ్డపార పట్టినవానికి హెచ్చరిక యనుట సబబు. కేబులు నేల నుండి పైకి వచ్చు చోట, సైకిలు హ్యాండిలు, బండి చక్రము తగులు ఎత్తు దాటువరకు ఇనుప గొట్టము అవసరము.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. కేబులు మార్గమును రెండు గోడల నుండి కొలిపించి, కళాశాల పటములో గీయించి, ఒక నకలును తోటమాలికి కూడ ఇప్పించవలెను. వానకాలమున మొక్కలకు గుంతలు త్రవ్వునది అతడే.