విద్యుదయస్కాంత క్షేత్రములు – వాపునందలి రక్షక కణములు

గత సంవత్సరము మా తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "సర్, మా అమ్మీ కీళ్ళవాతమునకు అయస్కాంతపు కంకణము తొడుగుకొని మందులు మానివేసినది. అయస్కాంతము నిజముగా వాపును తగ్గించునా?" అని ప్రశ్నించినది. మేము తెలుగు బోధించువారము, వైద్యులము కాము. అయినను ప్రశ్నను దాటవేయుట ధర్మము కాదని తలచి, చదివి తెలిసికొన్న విషయములను ఇచ్చట మనవి చేయుచున్నాము.

మన హుస్సేనీ ఆలమునకు చేరువనే, చార్మినారు ప్రక్కన ఉన్న యునానీ ఆసుపత్రిలో హకీములు వాపును 'వరమ్' అని వ్యవహరింతురు. ఎరుపు, వేడిమి, ఉబ్బు, నొప్పి దీని నాలుగు లక్షణములు. వీటి వెనుక పనిచేయునవి తెల్లరక్తకణములు. నక్షత్రచేప డింభకమున గ్రుచ్చిన ముల్లును కణములు చుట్టుముట్టుటను 1882లో మెచ్నికాఫ్ కనుగొనెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. గాయమైనచోటికి న్యూట్రోఫిల్ కణములు ముందుగా చేరును. మాక్రోఫేజ్ కణములు తరువాత వచ్చును. పని ముగిసిన పిదప ఈ కణములు శాంతించవలెను. శాంతించనిచో కంచె చేను మేసినట్లు అవి కీళ్ళనే తినివేయును. కీళ్ళవాతమున జరుగునది ఇదియే.

మారుచుండు అయస్కాంత క్షేత్రము విద్యుత్తును పుట్టించునని 1831లో ఫారడే నిరూపించెను. ఈ సూత్రముపై ఆధారపడిన స్పందన క్షేత్ర చికిత్సను అతుకని ఎముకలకై 1979లో అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. న్యూట్రోఫిల్ కణములపై అడినోసిన్ గ్రాహకములు కొన్ని కలవు. అవి ఆ కణముల ఉద్రేకమునకు కళ్ళెము వంటివి. ఇట్టి క్షేత్రములో ఉంచినపుడు ఆ గ్రాహకముల సంఖ్య పెరుగునని 2002లో ఇటలీ దేశపు ఫెర్రారా పరిశోధకులు ప్రకటించిరి. మన పొరుగున చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు కీళ్ళవాతము కలిగించిన ఎలుకలపై సెకనుకు 5 స్పందనలు, 4 మైక్రోటెస్లాల బలము గల క్షేత్రమును ప్రయోగించిరి. వాపు తగ్గెననియు, కణపు పొరపై కాల్షియమును వెలుపలికి పంపు ఎంజైము తిరిగి చక్కగా పనిచేసెననియు 2007లో తెలిపిరి.

అయితే గాజుపాత్రలోని కణము మనిషి కాదు. ఎలుకయు మనిషి కాదు. పైగా చేతికి కట్టుకొనిన కంకణపు క్షేత్రము స్పందించునది కాదు. 2013లో ఇంగ్లండులో 70 మంది కీళ్ళవాత రోగులపై జరిపిన పరీక్షలో అయస్కాంతపు పట్టీలు ఉత్తుత్తి పట్టీలకన్న అధిక మేలు చేయలేదని తేలినది. నొప్పి ఓర్చుకొన్నను, మందు లేనిచో కీలు లోలోపల అరిగిపోవుచునే యుండును. అట్లు చెడిన కీలు మరల యథాస్థితికి రాదు.

ఈ మాటలనే ఆ విద్యార్థినికి చెప్పితిమి. ఆమె తల్లి మరల వైద్యుని కడకు వెళ్ళినదని విని సంతోషించితిమి. ప్రియ విద్యార్థులారా! 'అయస్కాంత చికిత్స' అను మాట వినబడినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు: ఎట్టి క్షేత్రము? ఎంత బలము? పరీక్షించినది ఎవరిపై? జవాబు దొరకువరకు వైద్యుడిచ్చిన మందును మాత్రము మానకుడు.