సూపర్‌మ్యాన్ తిరిగి లేచాడు, మరి మన ప్రభువు?

పాఠ్యభాగములు: లూకా 24:36–43, యోహాను 20:24–29, 1 కొరింథీయులకు 15:12–23



చంద్రపూర్‌లో ఈస్టరు తరువాతి ఆదివారము మేము పిల్లలకు పునరుత్థానమును గూర్చి పాఠము చెప్పుచుండగా తొమ్మిదేళ్ల కుర్రవాడు ఒకడు చెయ్యి ఎత్తాడు. "తాతగారూ, సూపర్‌మ్యాన్ కూడా చచ్చిపోయి లేచాడు కదా! మరి ఇందులో గొప్పేముంది?" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. మాకు మొదట కోపము వచ్చింది, కూర్చోమని గద్దించబోయాము. అంతలో ఆ బాబు తండ్రి సంగతి జ్ఞాపకము వచ్చింది. బొగ్గు గనిలో పనిచేసే ఆయన జబ్బుచేసి ప్రభువునందు నిద్రించి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. సమాధి ఇక్కడ లేదు. బల్లార్షా దాటి, వార్ధా నది దాటి, సొంత ఊరిలో ఉన్నది. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు వెళ్లినప్పుడు ఆ పిల్లవానికి కొవ్వొత్తి వెలిగించే చోటు లేకపోయింది.

వాడు ఎగతాళికి అడుగలేదు. తెలిసికొనవలెనని అడిగాడు. అందుచేత మరుసటి వారమునకు మేము ఆ కథ ఏమిటో తెలిసికొని వచ్చాము.

1. కథలో జరిగినది

సూపర్‌మ్యాన్ అనే బొమ్మల కథను జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు సృష్టించగా 1938లో అమెరికాలో మొదట అచ్చయింది. 1992 నవంబరులో వచ్చిన ఒక సంచికలో డూమ్స్‌డే అనే రాక్షసునితో పోరాడి సూపర్‌మ్యాన్ నడివీధిలో చనిపోతాడు. ఆ సంచిక లక్షలాదిగా అమ్ముడుపోయింది. తరువాత కథలో నలుగురు అతని స్థానములోనికి వచ్చారు. 1993లో అసలువాడు తిరిగి వచ్చాడు. అతని శరీరమును మంచు ప్రదేశములోని అతని కోటకు చేర్చి, ఒక యంత్రములో ఉంచి శక్తి ఎక్కించారని కథ.

అసలు అతణ్ణి ఎందుకు చంపారు? కథలో సూపర్‌మ్యాన్‌కు లోయిస్ లేన్‌తో వివాహము జరిపించాలని రచయితలు అనుకున్నారు. అదే సమయములో వారిద్దరిపై టెలివిజన్ ధారావాహిక ఒకటి తయారగుచున్నందున పెళ్లిని వాయిదా వేయవలసి వచ్చింది. ఖాళీగా మిగిలిన సంచికలకు కథ కావాలి గనుక మరణము వచ్చింది. పెళ్లి 1996లో జరిగింది. 2016లో వచ్చిన సినిమాలో మరల చంపారు, 2017లో మరల లేపారు. అమెరికా బొమ్మల కథల వీరులలో చాలామంది సంగతి ఇంతే. కెప్టెన్ అమెరికా 2007లో చనిపోయి 2009లో తిరిగి వచ్చాడు.

మన పెద్దలు చెప్పిన బాలనాగమ్మ కథలో కూడా రాళ్లయిపోయినవారు మరల మనుష్యులవుతారు. చనిపోయినవారు తిరిగి రావాలనే కోరిక ఒక దేశమునకు చెందినది కాదు. అది ఏడ్చిన ప్రతి ఇంటిలోనూ ఉన్నది. గనుక ఆ కోరికను మనము ఎగతాళి చేయరాదు.

2. సువార్తలో జరిగినది

పిల్లలకు మూడు సంగతులు నల్లబల్ల మీద వ్రాసి చూపించాము.

మొదటిది: గాయములు. సూపర్‌మ్యాన్ తిరిగి వచ్చినప్పుడు జుట్టు పెరిగి ఉన్నది, బట్టలు నల్లగా ఉన్నవి, కాని అతణ్ణి చంపిన దెబ్బల గుర్తు శరీరము మీద నిలువలేదు. ప్రభువైతే లేచిన శరీరములోనే మేకుల గుర్తులు ఉంచుకొన్నాడు. తోమాకు వాటినే చూపించాడు. మరణము జరుగనట్లు ఆయన దానిని తుడిచివేయలేదు, దానిని జయించి దాని గుర్తులతో వచ్చాడు.

రెండవది: రాక. సూపర్‌మ్యాన్ యుద్ధము చేయుటకు తిరిగి వచ్చాడు. ప్రభువు తనను సిలువ వేసినవారి మీద పగ తీర్చుకొనుటకు వెళ్లలేదు. తలుపులు వేసికొని భయపడుచున్న శిష్యుల యొద్దకు వచ్చి సమాధానము పలికాడు. వారి యెదుట కాల్చిన చేప తిన్నాడు.

మూడవది: ఎవరి కొరకు? సూపర్‌మ్యాన్ తాను ఒక్కడే లేచాడు. అతని నగరములో చనిపోయిన వేరొకరి తండ్రికి దానివలన ఏమియు కలుగలేదు. పౌలు అయితే క్రీస్తును నిద్రించినవారిలో ప్రథమఫలము అంటాడు. మన పొలాలు ఎరిగినవారికి ఈ మాట తెలుసు. మొదటి కంకి ఇంటికి వచ్చిందంటే చేను అంతయు పండినదని అర్థము.

లాజరు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. లాజరు లేచాడు, కాని మరల చనిపోవలసిన శరీరముతోనే లేచాడు. క్రీస్తు ఇక చనిపోడు.

3. పిల్లలు తిరిగి వ్రాసిన కథ

తరువాత పిల్లలకు తలా ఒక కాగితము ఇచ్చి, "సూపర్‌మ్యాన్ ఎట్లా తిరిగి రావాలో మీరే వ్రాయండి" అన్నాము. ఒకరు రాకెట్టు గీశారు. ఒకరు మందు ఇప్పించారు. ఆ కుర్రవాడు మాత్రము చివరిదాకా వ్రాశాడు. బడిలో మరాఠీ చదువుతాడు గనుక తెలుగు మాటలనే మరాఠీ అక్షరములతో వ్రాశాడు. వాని కథలో సూపర్‌మ్యాన్ ఎగురలేదు. బల్లార్షాలో రైలు దిగి నడిచి వచ్చాడు. రొమ్ము మీద దెబ్బ గుర్తు ఉన్నది. శత్రువు దగ్గరకు పోక ముందు అమ్మ దగ్గరకు వెళ్లాడు. అన్నము తిన్నాడు. "భయపడకు" అన్నాడు.

చదివి మాకు కాసేపు మాట రాలేదు. పాఠము చెప్పినది మేము. దానిని ఇంటికి తీసికొనిపోయినది వాడు.

తరువాత వాడు మెల్లగా, "మా నాన్న ఎప్పుడు వస్తాడు?" అని అడిగాడు. వచ్చే నెల, వచ్చే ఏడాది అని మేము చెప్పలేదు. ఊరుకోబెట్టుటకు అబద్ధము చెప్పరాదు. "బాబూ, నాన్న ఈ రైలులో రాడు. ప్రభువు వచ్చినప్పుడు నాన్నను లేపుతాడు. ఆ దినము మాకు తెలియదు. అంతవరకు ఏడ్వవచ్చును, ప్రభువు కూడా లాజరు సమాధి యొద్ద ఏడ్చాడు" అని చెప్పాము. వాడు తల ఊపాడు. తృప్తిపడ్డాడని మేము అనము. కాని మా చెయ్యి విడువలేదు.

4. మనకు బుద్ధి

పిల్లలు ఫోనులోను, టీవీలోను చూసిన కథలు తెచ్చి అడిగినప్పుడు గద్దించకండి. "అది కట్టుకథ, ఇది సత్యము" అని ఒక్క మాటలో తేల్చివేయకండి. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూపించండి. సత్యము పోలికకు భయపడదు. ఆ ప్రశ్న వెనుక ఏ దుఃఖము ఉన్నదో ముందుగా చూడండి.

సొంత ఊరిలో సమాధులు విడిచి వచ్చిన మనకు ఇంకొక సంగతి. వచ్చే ఈస్టరుకు మన సంఘములో దూరమున ఉన్న సమాధుల కొరకు ఒక బల్ల వేసి, ఆ ఇండ్లవారు అక్కడ కొవ్వొత్తి వెలిగించుకొనునట్లు చేయాలని పెద్దలము అనుకొన్నాము. మొదటి కొవ్వొత్తి ఆ బాబు వెలిగిస్తాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ప్రభువు లేచిన తరువాత కూడా గాయముల గుర్తులు ఎందుకు ఉంచుకొన్నాడు?
2. లాజరు లేచుటకును ప్రభువు లేచుటకును భేదమేమి?
3. మీ ఇంటిలో పిల్లలు మరణమును గూర్చి అడిగినప్పుడు మీరేమి జవాబు చెప్పారు? ఇప్పుడైతే ఏమి చెప్పుతారు?

ప్రార్థన: గాయపడిన చేతులతో మా మధ్య నిలిచిన ప్రభువా, తండ్రిలేని పిల్లలను, దూరమున సమాధులు గల ఇండ్లను జ్ఞాపకము చేసికొనుము. వారికి అబద్ధము లేని ఆదరణ చెప్పు నోరు మాకిమ్ము. ఆమేన్.