ఎదురుగాలి దినము



షోలాపూర్ నేతపేటలలో సైకిల్ మనకు కొత్తది కాదు. కండెలు మోసినది అదే, చద్దర్ల మూటలు మోసినది అదే, తెల్లవారకముందే మరమగ్గముల షెడ్డుకు చేర్చినది అదే. అదే సైకిల్ మీద హైదరాబాదు వరకు పోవలెనని మన యువకులు ముచ్చటపడితే, పెద్దలు "వద్దు" అందురు. చిన్నవారు "ఏమీ కాదు" అందురు. ఈ రెండు మాటల నడుమ నేర్చుకొనవలసిన పాఠము ఒకటున్నది. దూరప్రయాణములో ఒక కష్టదినము తప్పక వచ్చును. ఆ దినమును దాటించునది కాలిబలము మాత్రమే కాదు. వేళకు ఆగుట తెలిసియుండుట.

1. దారి: 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు సుమారు 300 కి.మీ. దూరము. నల్దుర్గ్, ఉమర్గా దాటి, కర్ణాటకలోని హుమ్నాబాద్ మీదుగా జహీరాబాద్, సంగారెడ్డి చేరుదుము. షోలాపూర్ సముద్రమట్టమునకు సుమారు 460 మీటర్ల ఎత్తున ఉండగా, జహీరాబాద్ 600 మీటర్లకు పైన ఉన్నది. కంటికి చదునుగా తోచు నల్లరేగడి బయలు మొత్తముమీద ఎక్కుడే. కాబట్టి కాళ్లు బరువెక్కినప్పుడు "నాకు శక్తి లేదు" అని క్రుంగిపోరాదు.

2. గాలి: గంటకు 20 కి.మీ. వేగముతో పోవువానికి 10 కి.మీ. ఎదురుగాలి వీచితే, ఒంటికి తగులు గాలి 30 కి.మీ. అగును. గాలి ఒకటిన్నర రెట్లయితే దాని అడ్డు రెండుంబావు రెట్లగును. పంతము పట్టి పాత వేగము నిలుపబోతే మధ్యాహ్నమునకే అలసిపోదుము. వేగము తగ్గించి, ఒకరి వెనుక ఒకరు నడుచుచు, ముందుండువారు వంతులవారీగా మారవలెను.

3. ఆకలి: కండరములలో, కాలేయములో నిలువయుండు పిండిపదార్థము గట్టిగా తొక్కితే సుమారు రెండు గంటలలోనే తరిగిపోవును. అప్పుడు కాళ్లు వణకును, మనస్సు చిరాకుపడును. ఆకలి వేయకముందే తినవలెను. అరటిపండు, బెల్లము, పల్లీల చట్నీతో జొన్నరొట్టె చాలును.

4. ఎండ: వేసవిలో షోలాపూర్ ఎండ 40 డిగ్రీలు దాటుట మనకందరికి తెలిసినదే. ఆ నెలలలో ఈ ప్రయాణము తలపెట్టకుండుటే మేలు. మిగిలిన కాలములోను లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వెంట ఉంచుకొనవలెను. తోటివాడు తడబడి మాటలాడినను, తూలినను అది వడదెబ్బ గురుతు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసరుచు, 108కి ఫోను చేయవలెను. స్పృహ సరిగా లేనివానికి ఏదియు త్రాగించరాదు.

5. ఆగుట: దూరపు సైకిల్ ప్రయాణముల నియమములలో 300 కి.మీ.కు 20 గంటల గడువున్నది. విశ్రాంతి కూడ అందులోనిదే. మొదట వచ్చినవానికి బహుమానము లేదు. మధ్యలో విరమించినవానికి అవమానము లేదు. 1923లో బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరిరి. 1928లో యాత్ర ముగించినవారు ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అను ముగ్గురే. మిగిలిన ముగ్గురు దారిలో విడిపోయిరి. అయినను బయలుదేరినది ఆరుగురు అనియే నేటికిని చెప్పుకొందురు.

నేతపనివారమైన మనకు ఇది తెలియని సంగతి కాదు. పోగు తెగినప్పుడు మగ్గము నడిపించుచునే పోతే బట్ట చెడును. ఆపి, ముడివేసి, మరల నడిపించుదుము. ఆ ఆగుటను సోమరితనమని ఎవరును అనరు. అదియు నేతలో భాగమే.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన ఇంటినుండి బయలుదేరు యువకులు ఎచ్చట ఆగవలెనో ముందే నిర్ణయించుకొనిరా?

2. వెనుదిరిగి వచ్చినవానిని మనము ఎగతాళి చేయుదుమా, అన్నము పెట్టి కూర్చుండబెట్టుదుమా? ఈ రెండవ ప్రశ్న పెద్దలకు. ఇంట దొరకు ఆదరణను బట్టియే బిడ్డ దారిలో ఆగుటకు ధైర్యము తెచ్చుకొనును.