పొలము విడిచిన మన్ను

తొలకరి వాన కురిసిన మఱునాడు వాగులోని నీరు ఎఱ్ఱగా పారుచుండును. క్రొత్త నీరు వచ్చినదని చూచువారు సంతోషింతురు. కాని ఆ ఎఱుపు నీటిది కాదు. ఎగువ పొలములను విడిచిపోవుచున్న మేలిమన్నుది.

తెలంగాణమునందలి చెల్క నేలలు ఎఱ్ఱనివి, తేలికయైనవి. పెక్కుచోట్ల వాలుగా నుండును. పైరుగాని గడ్డిగాని లేని ఇట్టి నేలపై వానచినుకు సమ్మెటదెబ్బవలె పడును. ఆ దెబ్బకు మట్టిగడ్డలు చిట్లి నలుసులగును. ఆ నలుసులు నేలలోని సన్నని రంధ్రములను మూసివేయును. అందుచే నీరు లోనికి ఇంకక పల్లమునకు పరుగెత్తును. పోవుచు మెత్తని మన్నును, అందలి సారమును కొనిపోవును. మొదట పలుచని పొర పోవును. అది రైతు కంటబడదు. పిదప పిల్లకాలువలు, ఆ పిదప గండ్లు ఏర్పడును. గండి కనబడునాటికి సారమంతయు పోయియుండును. అంగుళము మందము మేలిమన్ను ఏర్పడుటకు వందల యేండ్లు పట్టును. అది పోవుటకు కొలది వానలు చాలును.

ఇంతటితో నష్టము ముగియదు. కాకతీయుల కాలమున, 13వ శతాబ్దిలో, పాకాల, లక్నవరము వంటి పెద్ద చెఱువులు నిర్మింపబడినవి. కాలక్రమమున ఊరూర చిన్న చెఱువులు, కుంటలు వెలసినవి. పొలములనుండి వచ్చిన మన్ను చెఱువులో నీటి వేగము తగ్గగానే అడుగునకు దిగును. ఏటేట పూడిక పెరిగిన కొలది నీరు నిలుచు చోటు తగ్గును. ఎగువ పొలము సారమును గోల్పోవును. దిగువ పొలము నీటిని గోల్పోవును. మన్ను ఒక్కటియే, నష్టపడు రైతులు ఇద్దరు.

ఈ సంగతి నెఱిగిన పూర్వపు రైతులు వేసవిలో చెఱువు ఎండినపుడు పూడికమట్టిని బండ్లకెత్తి చేలకు తోలుచుండిరి. 2015లో తెలంగాణ ప్రభుత్వము 'మిషన్ కాకతీయ' పేర చెఱువుల పూడికతీతను చేపట్టినపుడు, రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లతో పొలములకు చేర్చుకొనిరి. బంకమన్ను కలిసిన పూడిక తేలిక నేలలలో తేమను నిలుపును.

అయినను, పోయినదానిని మోసి తెచ్చుటకంటె పోనీయకుండుట మేలు. నేలను వాలునకు అడ్డముగా దున్నవలయును. అట్లు దున్నిన ప్రతి చాలును నీటిని ఆపు చిన్న కట్టయగును. వాలునకు అడ్డముగా గట్లు వేసి, వానిపై గడ్డి పెంచవలయును. జనుము, జీలుగ వంటి పైరులను పెంచి, పూత సమయమున నేలలో కలియదున్నవలయును. వాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు సమకూర్చును. కుళ్ళిన ఆకులు, పశువుల యెరువు మట్టిని గుల్లపఱచి నీటిని ఇంకించును.

ఈ పనులలో ఏదియు ఒక్క రైతుతో ముగియదు. పైవాడు గట్టు వేయనిచో క్రిందివాని గట్టు తెగును. ఊరంతయు కలిసి పూనుకొనవలయును. తొలకరి వాన వెలిసిన పిదప వాగునీరు తేటగా పారిననాడు, ఎగువనున్న రైతులు తమ మన్నును కాపాడుకొనుచున్నారని తెలియవచ్చును.