పోటీ మైదానంలో, రాజకీయం టీవీ హక్కుల్లో

మన సీనియర్లు ఎమ్మెస్‌కి అప్లై చేసే యూనివర్సిటీల్లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ పేర్లు మనందరం విన్నవే. ఈ రెండూ 1894 నుంచి ఫుట్‌బాల్‌లో బద్ధశత్రువులు. ఒకరి కాలేజీ పాటలో ఇంకొకరి పేరు ఉండాల్సిందే! అలాంటి ఆట 2011 తర్వాత 13 ఏళ్లు ఆగిపోయింది. ఎందుకో చూద్దాం.

కాన్ఫరెన్స్ అంటే?

కొన్ని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న గ్రూపు అన్నమాట. షెడ్యూలు, టీవీ ఒప్పందం, డబ్బు పంపకం దాని ద్వారానే జరుగుతాయి. 1984 వరకు ఫుట్‌బాల్ టీవీ ప్రసారాలు ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఆ ఏడాది సుప్రీంకోర్టు అది చెల్లదంది. అప్పటినుంచి ఎవరి బేరం వాళ్లది.

అసెంబ్లీ దాకా వెళ్లిన ఆట

పాత సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ 1996లో మూతపడింది. అందులోంచి నాలుగు టెక్సాస్ కాలేజీలకే కొత్త బిగ్ 12లో చోటు దొరికింది: టెక్సాస్, ఏ అండ్ ఎమ్, టెక్సాస్ టెక్, బేలర్. అప్పటి గవర్నర్ ఆన్ రిచర్డ్స్ బేలర్‌లో, లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బుల్లక్ టెక్‌లోనూ బేలర్‌లోనూ చదివారు. వాళ్ల పలుకుబడి పనిచేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. హ్యూస్టన్, రైస్, ఎస్‌ఎమ్‌యూ, టీసీయూ బయటే మిగిలాయి.

విడాకులు, మళ్లీ ఒకే ఇల్లు

2011లో ఈఎస్‌పీఎన్‌తో కలిసి టెక్సాస్ సొంత చానల్ పెట్టింది. 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం! గ్రూపులో ఒక్కరికే ఇంత లాభమా అని ఏ అండ్ ఎమ్‌కి మండింది. 2012లో అది ఎస్‌ఈసీకి వెళ్లిపోయింది. అంతే, ఆట బంద్.

2021లో టెక్సాస్ కూడా ఎస్‌ఈసీ తలుపే తట్టింది. టెక్సాస్ రాష్ట్రం నుంచి ఎస్‌ఈసీలో తామొక్కరమే ఉండాలని ఏ అండ్ ఎమ్ వాళ్లు బాహాటంగానే అన్నారు. కానీ ఓటింగ్ 14–0. అంటే వాళ్లూ ‘సరే’ అన్నట్టే కదా! 2024 నవంబరులో ఆట తిరిగొచ్చింది, టెక్సాస్ 17–7తో గెలిచింది.

నష్టం ఎవరికి?

అందరి కథా ఇలా సుఖాంతం కాలేదు. పసిఫిక్ తీరపు పాక్-12 నుంచి పది జట్లు వెళ్లిపోయాయి. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఇప్పుడు అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి! డబ్బు తెచ్చేది ఫుట్‌బాల్. కానీ వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు కూడా క్లాసులు వదిలి దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి విమానాల్లో తిరగాలి.

మనం గమనించాల్సింది ఇదే: శత్రుత్వాన్ని పెంచి పోషించింది విద్యార్థులు, అభిమానులు. దాన్ని ఆపాలా, మళ్లీ మొదలుపెట్టాలా అన్న ఓటు మాత్రం వాళ్ల చేతిలో లేదు.