తాటి నీరా: చెట్టు నుంచి సీసా వరకు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల గట్ల మీద, బాపట్ల, చీరాల, రేపల్లె వైపు ఇసుక నేలల్లో తాటిచెట్లు విరివిగా కనిపిస్తాయి. నాటిన 12-15 సంవత్సరాలు దాటితే గాని ఈ చెట్టు గీతకు రాదు. పూత వస్తే గాని అది పోతుతాడో పెంటితాడో తెలియదు. రెండింటి పూగుత్తుల నుంచీ తీపి రసం కారుతుంది. అదే నీరా. నీరా పులిస్తే కల్లు అవుతుంది. కల్లును కాచి, ఆవిరిని చల్లార్చి పడితే సారా అవుతుంది. చెరకు మడ్డిని పులియబెట్టి రమ్ము తీసే పద్ధతి కూడా మూలంలో ఇదే.

పులియడం వెనుక కారణం

తాజా నీరాలో 10 నుంచి 14 శాతం వరకు చక్కెర ఉంటుంది. గాలిలోనూ కుండ గోడలపైనా ఉండే ఈస్టు, బాక్టీరియాలు రసం పడిన క్షణం నుంచే పని ప్రారంభిస్తాయి. పులిసిన చక్కెర బరువులో సుమారు సగం ఆల్కహాలుగా, మిగిలినది బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. ఎండ పెరిగిన కొద్దీ ఈ చర్య వేగం పుంజుకుంటుంది. ఇంకా నిల్వ ఉంచితే ఆల్కహాలు సిర్కామ్లంగా మారి కల్లు పుల్లబడుతుంది.

సారాకు దక్కిన సీసా

బట్టీలో దిగిన సారాలోని ఆల్కహాలే దానికి రక్ష. సూక్ష్మజీవులు అందులో బతకలేవు. అందువల్ల దానిని ఎంత దూరమైనా పంపవచ్చు, ఎంతకాలమైనా నిల్వ చేయవచ్చు, పన్ను వసూలు చేయడమూ సులభం. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం మొదలుకొని ప్రభుత్వాల ఆదాయం సారా చుట్టూ అల్లుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. 1980లలో 'వారుణి వాహిని' పేరిట సారా పొట్లాలలో ఊరూరా చేరింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది.

నిషేధాల భారం గీత కార్మికుల మీద కూడా పడింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైనప్పుడు కల్లుగీతపై ఆధారపడిన కుటుంబాలు జీవనోపాధి కోల్పోయాయి. ఆంధ్ర రాష్ట్రంలో ఈ సమస్యే గౌతు లచ్చన్న రాజీనామాకు దారితీసింది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మత్తులేని నీరాకు నాడే నిలకడైన మార్కెట్టు ఉండి ఉంటే ఆ కుటుంబాలకు మరొక దారి మిగిలేది.

నీరాను నిలిపే పద్ధతులు

1. ప్రతి గీతకూ శుభ్రంగా కడిగి ఆరబెట్టిన కుండనే కట్టాలి. పాత కుండలోని మడ్డి చుక్క కూడా కొత్త రసానికి తోడు అవుతుంది.

2. కుండ లోపల సున్నం పూస్తే రసం ఉదజని సూచిక పెరిగి పులియడం ఆగుతుంది. ఈ రసం తాటి బెల్లానికి అనుకూలం. సున్నం ఎక్కువైతే రుచి చెడుతుంది. అదనపు సున్నాన్ని తేర్చి వడపోయాలి.

3. పానీయంగా అమ్మే రసాన్ని మంచుతో చల్లబరచిన పాత్రలోకి సేకరించడం మేలు. కొబ్బరి నీరాకు కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ రూపొందించిన శీతల పేటిక ఇందుకు ఆదర్శం.

4. సూర్యోదయానికి ముందే దించి, వడగట్టి, అమ్మేవరకు చల్లగా ఉంచాలి.

5. సీసాలో నింపే ముందు వేడిచేసి సూక్ష్మజీవులను నశింపజేయాలి. ఈస్టు మిగిలితే మూతపెట్టిన సీసాలో వాయువు పెరిగి సీసా పగిలే ప్రమాదం ఉంది. వేడి మితిమీరితే నీరా సహజ పరిమళం పోతుంది.

ముందున్న మార్గం

పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటిపై పరిశోధనలు జరుగుతున్నాయి. హైదరాబాదులో 2023లో నీరా కేఫ్ ప్రారంభమైంది. అయితే రసం చెడిపోయేది చెట్టుకూ మొదటి శీతల పెట్టెకూ మధ్య గడిచే గంటలలోనే. కనుక పట్టణంలోని దుకాణం కంటే ముందు గ్రామంలో సేకరణ కేంద్రం, మంచు సరఫరా, సహకార సంఘం ఏర్పడాలి. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికునికి మత్తులేని రసానికి కూడా కల్లుకు తగ్గని ధర లభించినప్పుడే నీరా నిలుస్తుంది; గట్ల మీది తాటిచెట్టు గొడ్డలి వేటు నుంచి బయటపడుతుంది.