1969 రాష్ట్రపతి ఎన్నిక: కాంగ్రెస్‌ను చీల్చిన అభ్యర్థిత్వం

1969 మేలో జాకీర్ హుస్సేన్ మరణంతో రాష్ట్రపతి పదవి ఖాళీ అయింది. బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు, ప్రధాని ఇందిరాగాంధీ సూచించిన జగ్జీవన్ రామ్‌ను కాదని నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఎంపిక చేసింది. ఆయన నామినేషన్ పత్రంపై ఇందిర కూడా సంతకం చేశారు. పోలింగ్ దగ్గరపడ్డాక మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. పార్టీ క్రమశిక్షణకు ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు.

ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా నిలిచిన వి.వి.గిరి గెలిచారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాల్సి వచ్చింది. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ లభించింది. ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే!

నవంబరులో ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించడంతో కాంగ్రెస్ చీలింది. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.